అచ్చయిన నవల బిలాస్‌పూర్ చేరేదెలా?

నవల రాయడం ఒక పని. అచ్చయిన నవలను పాఠకుని చేతిలో పెట్టడం మరొక పని. మొదటి దానిపై మనకు సభలున్నాయి, విమర్శ గ్రంథాలున్నాయి, పురస్కారాలున్నాయి. రెండవ దాని గురించి మాట్లాడడానికి మాత్రం రచయితలే సంకోచిస్తారు. తన పుస్తకం గురించి తానే చెప్పుకుంటే సొంత డబ్బా అంటారు. చెప్పుకోకపోతే పుస్తకం వచ్చిన సంగతే ఎవరికీ తెలియదు. ఈ ఇరుకులో పడి ఎన్నో తెలుగు నవలలు రచయితల ఇళ్లలోనే, మంచాల కింద అట్టపెట్టెలలో మిగిలిపోతున్నాయి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న పాఠకునికి కొత్త నవల ఏదో ఒక దారిన చేరుతుంది. తెలుగు రాష్ట్రాల సరిహద్దు దాటాక సంగతేమిటి? ఈ ప్రశ్నకు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ మంచి పరీక్ష. అది రైల్వే పట్టణం. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం 2003 నుంచి అక్కడే ఉంది. రైల్వే కాలనీలలో, తార్‌బాహర్, తోర్వా ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. తెలుగు వినబడుతుంది, ఉగాది పచ్చడి కనబడుతుంది. స్టేషనుకు దగ్గరలోని బుధవారీ బజారులో ఇంటికి కావలసిన సరుకులన్నీ దొరుకుతాయి. కొత్త తెలుగు నవల దొరకడం మాత్రం అరుదు.

ఈ తెలుగువారు అక్కడికి వెళ్లింది రైలు వెంటే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూర్ నుంచి తూర్పుగా వేసిన ప్రధాన మార్గాన్ని 1891 నాటికి అసన్‌సోల్ వరకు కలిపింది. బిలాస్‌పూర్ ఆ మార్గంలో కూడలి అయింది. తూర్పు తీర మార్గంలో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న ఉత్తర భాగం కూడా 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఇదే కంపెనీ చేతికి వచ్చింది. రాయపూర్–విజయనగరం మార్గం 1930ల ఆరంభంలో పూర్తయ్యాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఛత్తీస్‌గఢ్‌కు రాకపోకలు సులువయ్యాయి. ఒకే కంపెనీ కింద ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, రాయపూర్, నాగపూర్ పట్టణాలలో తెలుగు కార్మికుల, గుమాస్తాల కాలనీలు పెరిగాయి. నేటికీ విశాఖపట్నం–కోర్బా ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ మీదుగానే వెళుతుంది. తిరుపతికి నేరుగా వెళ్లే బిలాస్‌పూర్–తిరుపతి ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది. మనుషులకు దారి ఉంది, బియ్యపు బస్తాకూ ఆవకాయ జాడీకీ దారి ఉంది. పుస్తకానికి లేకుండా పోయింది.

రైలు అమ్మిపెట్టిన పుస్తకాలు

ఇది కొంత విచిత్రమే. ఎందుకంటే మన దేశంలో పుస్తకాన్ని సామాన్య పాఠకుని దగ్గరకు మోసిన తొలి వాహనం రైలే. ఎ.హెచ్. వీలర్ సంస్థ 1877లో అలహాబాదులో మొదలై ఉత్తరాది, తూర్పు భారత స్టేషన్లలో పుస్తకాల దుకాణాలు నడిపింది. దక్షిణాదిలో ఆ పనిని 1844లో మద్రాసులో పుట్టిన హిగిన్‌బాథమ్స్ చేసింది. వీలర్ సంస్థకు చెందిన ఎమిల్ మోరో 1888లో ‘ఇండియన్ రైల్వే లైబ్రరీ’ పేరిట చిన్న పుస్తకాలు వేశాడు. అప్పటికి ఇరవై మూడేళ్లు కూడా నిండని రడ్యార్డ్ కిప్లింగ్ కథల సంపుటాలు ఆరు ఆ వరుసలో వచ్చాయి. ఒక్కొక్కటి రూపాయి. వాటి హక్కులకు కిప్లింగ్‌కు దక్కినది 200 పౌండ్లు, దానిపై కొద్దిపాటి రాయల్టీ. పత్రికా కార్యాలయంలో ఉద్యోగం చేసుకునే యువకుని పేరు రైలు ప్రయాణికుల సంచులలో దేశమంతా తిరిగింది. ఆ మరుసటి ఏడాది అతడు ఇంగ్లండుకు బయలుదేరాడు.

ఇక్కడ కిప్లింగ్ చేసిన ప్రచారం ఏమీ లేదు. పంపిణీయే ప్రచారం. కొనేవాడు నిలబడే చోట, అతడు భరించగల వెలకు, ప్రయాణంలో చదివి ముగించగల పరిమాణంలో పుస్తకం ఉంది. ఈ మూడూ కుదిరినప్పుడు రచయిత పెద్దగా గొంతు చించుకోవలసిన అవసరం ఉండదు. మూడింటిలో ఒక్కటి తప్పినా ఎంత అరిచినా ప్రయోజనం అంతంతే.

తెలుగు నవల విషయంలో ఈ పని చేసినవి పత్రికలు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ఆయన సొంత పత్రిక ‘వివేకవర్ధని’లోనే ధారావాహికగా వెలువడింది, ఆ తర్వాతే పుస్తకమైంది. అంటే తెలుగులో నవల పుట్టిననాటి నుంచే పాఠకునికి ముందుగా రుచి చూపించి, ఆపైన పుస్తకం అందించే పద్ధతి ఉంది. 1960ల నుంచి 1980ల దాకా వారపత్రికలు, మాసపత్రికలు ఆ పద్ధతిని ఒక పెద్ద యంత్రాంగంగా మార్చాయి. యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్ వంటివారి నవలలు పుస్తకాలుగా రాకముందే వేలాది ఇళ్లలో చర్చకు వచ్చేవి. వారం వారం ఉత్కంఠ రేపే పని సీరియల్‌ది, ఉత్తరాలు అచ్చువేసే పని సంపాదకునిది. పుస్తకం బయటికి వచ్చేనాటికి పాఠకుడు సిద్ధంగా ఉండేవాడు. ఆ పైన బస్‌స్టాండు, రైల్వే స్టేషను దుకాణాలు, అద్దె పుస్తకాల షాపులు. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు, ఆ సంస్థ నడిపిన ఇంటింటా గ్రంథాలయం పథకం అనేక మధ్యతరగతి ఇళ్లకు నవలలను తపాలాలో చేర్చాయి. విశాలాంధ్ర వారు వ్యానులో పుస్తకాలు పేర్చుకుని ఊళ్లు తిరిగారు.

రంగనాయకమ్మ మరో దారి చూపించారు. తన పుస్తకాలను తానే స్వీట్ హోం పబ్లికేషన్స్ పేరిట వేసి, వెల వీలైనంత తగ్గించారు. వెల తగ్గించడం కూడా ప్రచారమే అని ఆమె పుస్తకాలు నిరూపించాయి. ఈ సంగతిని ఆమె అభిప్రాయాలతో విభేదించేవారు సైతం ఒప్పుకుంటారు.

ఆ యంత్రాంగం ఇప్పుడు లేదు. వారపత్రికలు చాలా వరకు మూతబడ్డాయి. అద్దె పుస్తకాల షాపులు పోయాయి. స్టేషను దుకాణాలలో పుస్తకాల స్థానాన్ని నీళ్ల సీసాలు, బిస్కట్లు ఆక్రమించాయి. పత్రిక, దుకాణం, వ్యాను, తపాలా పంచుకుని మోసిన బరువంతా ఇప్పుడు ఒక్క మనిషి నెత్తిన పడింది. ఆ మనిషి రచయిత. నేటి నవలాకారుడు తన పుస్తకం గురించి ఫోనులో రోజూ ఏదో ఒకటి పెడుతున్నాడని విసుక్కునేవారు ఈ నేపథ్యాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

సభ, సమీక్ష, సంత

కొత్త నవల వచ్చిన వెంటనే మన వారు చేసే మొదటి పని ఆవిష్కరణ సభ. పూర్వం కృతిభర్తలుండేవారు. శ్రీనాథుడు ‘హరవిలాసము’ను అవచి తిప్పయశెట్టి అనే వర్తకునికి అంకితమిచ్చాడు. పుస్తకం భారాన్ని కొంత కృతిభర్త మోసేవాడు. నేటి సభలో శాలువా ఉంది, పూలదండ ఉంది, వేదికపై అరడజను మంది వక్తలున్నారు. హాలు అద్దె, ఫలహారాలు, అతిథుల రానుపోను ఖర్చులు రచయితవే. వక్తలలో పుస్తకం పూర్తిగా చదివినవారు ఎందరన్నది అడగకూడని ప్రశ్న. సభకు వచ్చినవారికి పుస్తకం ఉచితంగా ఇచ్చే అలవాటు ఒకటి బలపడింది. ఇది మానుకోదగిన అలవాటని చెప్పక తప్పదు. ఉచితంగా వచ్చిన పుస్తకాన్ని అటక మీద పెట్టడం సులభం. డబ్బు పెట్టి కొన్నవాడు ఆ డబ్బు కోసమైనా పది పేజీలు తిప్పుతాడు.

సభ వల్ల ప్రయోజనం లేదని కాదు. సభ ఒక వార్త. మరునాడు పత్రికలో నాలుగు పంక్తులు వస్తాయి, ఆ నాలుగు పంక్తులు వంద మందికి పుస్తకం పేరు చేరవేస్తాయి. అయితే ఆ వార్తలో పుస్తకం దేని గురించో ఉండాలి. వేదికపై ఎవరెవరు ఆసీనులయ్యారో చెప్పి, నవలలో కథ ఏమిటో చెప్పని వార్తలు సంపాదకుల బల్లల మీదికి నిత్యం వస్తుంటాయి. రచయిత తానే ఐదు వాక్యాలలో నవల సారాన్ని రాసి సభకు వచ్చిన విలేకరుల చేతికి ఇస్తే ఆ లోటు తీరుతుంది. ఐదు వాక్యాలు రాయడానికి ఒక్కోసారి నవల రాసినంత కష్టపడాలి. ఆ కష్టానికి ఫలితం ఉంటుంది.

సమీక్షకు రెండు ప్రతులు పంపాలన్నది తెలుగు పత్రికలలో పాత సంప్రదాయం. ఆకాశవాణి తెలుగు కేంద్రాలు కూడా చాలా కాలంగా పుస్తక పరిచయాలు ప్రసారం చేస్తూ వచ్చాయి. పరిచయానికి పుస్తకం పంపే రచయిత, నవలలో బిగ్గరగా చదవడానికి అనువైన రెండు మూడు పేజీలను గుర్తించి పంపితే మేలు. కంటికి బాగున్న వర్ణన చెవికి బరువు కావచ్చు. సంభాషణలున్న ఘట్టం రేడియోలో త్వరగా పట్టుకుంటుంది.

తర్వాత పుస్తక ప్రదర్శనలు. డిసెంబరులో హైదరాబాదు ఎన్టీఆర్ స్టేడియంలో, జనవరిలో విజయవాడలో జరిగేవి ప్రధానమైనవి. విజయవాడ పుస్తక మహోత్సవం 1989 నుంచి నడుస్తోంది. అక్కడ స్టాలు దగ్గర నిలబడి సంతకం చేసి ఇచ్చే నవలాకారుడు పాఠకుని ముఖం చూడగలుగుతాడు. ఎవరు అట్ట చూసి ఆగారు, ఎవరు వెనుక అట్టపై రాత చదివి తిరిగి పెట్టేశారు అన్నది గమనిస్తే తర్వాతి పుస్తకానికి పనికివస్తుంది. బిలాస్‌పూర్ తెలుగువారిలో సంక్రాంతికి సొంత ఊరు వెళ్లేవారు ఉంటారు. విజయవాడ ప్రదర్శన సరిగ్గా ఆ రోజులకు ముందే ముగుస్తుంది. తమ ఊరి బంధువు ద్వారా ఒక పుస్తకం తెప్పించుకోవడానికి అది వీలైన సమయం.

గ్రంథాలయాల మాట కూడా చెప్పుకోవాలి. తెలుగు రాష్ట్రాలలో ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. ఆ నిధులతో జిల్లా గ్రంథాలయ సంస్థలు పుస్తకాలు కొన్న రోజులలో చిన్న ప్రచురణకర్తలకు అది ఊపిరి. కొనుగోళ్లు క్రమం తప్పకుండా జరగడం లేదన్నది రచయితల చిరకాల ఫిర్యాదు. ఇక 1954 నాటి చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్త కొత్త పుస్తకం ప్రతిని కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని మరో మూడు గ్రంథాలయాలకూ పంపాలి. సొంతంగా అచ్చు వేసుకునే రచయితలు దీనిని తరచూ మరచిపోతారు. పంపినందువల్ల అమ్మకం పెరగదు. కానీ యాభై ఏళ్ల తర్వాత ఆ నవల కోసం వెతికేవారికి దొరికే చోటు అదే కావచ్చు.

లెక్కలోకి వస్తే

ఒక నవల వెల 250 రూపాయలు అనుకుందాం. పంపిణీదారుకు, దుకాణానికి కలిపి 40 శాతం వదులుకుంటే మిగిలేది 150. ముద్రణకు ప్రతికి 100 రూపాయలు అయిందనుకుంటే రచయిత చేతిలో నిలిచేది 50. ఆ యాభైలోనే సమీక్ష ప్రతులు, సభ ఖర్చు, తపాలా అన్నీ సర్దుకోవాలి. ఐదు వందల ప్రతులు వేసి అన్నీ అమ్మినా చేతికొచ్చేది 25 వేలు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత పుస్తకాలకు అతికినట్టు సరిపోతుంది.

దూరపు పాఠకుని విషయంలో ఈ లెక్కను తారుమారు చేసేది తపాలా ఖర్చు. చౌకగా పుస్తకాలు చేరవేసిన రిజిస్టర్డ్ బుక్ పోస్టు సేవను తపాలా శాఖ 2024 డిసెంబరులో నిలిపివేసింది. చిన్న ప్రచురణ సంస్థలు చాలా ఆందోళన పడ్డాయి. తర్వాత 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ అనే కొత్త సేవ వచ్చింది. దానిలో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల పొట్లానికి 100 రూపాయలు, పన్నులు అదనం. ఇది ఉపరితల మార్గంలో వెళుతుంది, అంటే విమానంలో కాదు. పొట్లం ఎక్కడుందో తెలుసుకునే వీలుంది. వ్యాపార ప్రకటనలున్న ముద్రణలకు, పత్రికలకు ఇది వర్తించదు. పుస్తకంపై ముద్రాపకుని పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి.

ఈ ధరలను కాస్త పరిశీలిస్తే ఒక మార్గం కనిపిస్తుంది. 300 గ్రాముల నవలను ఒక్కొక్కటిగా పంపితే ప్రతికి 20 రూపాయలు. అవే నవలలు పదిహేను కట్టగా కట్టి ఒకే చిరునామాకు పంపితే ప్రతికి ఏడు రూపాయల లోపే. కనుక బిలాస్‌పూర్ వంటి పట్టణానికి రచయిత వెతకవలసినది పదిహేను మంది పాఠకులను కాదు, పదిహేను ప్రతులు దించుకుని ఇంటింటికీ చేర్చే ఒక్క మనిషిని. తెలుగు సంఘం కార్యదర్శి కావచ్చు, గుడి కమిటీలో పెద్దాయన కావచ్చు, పదవీ విరమణ చేసిన గార్డు కావచ్చు. పూర్వం వారపత్రికల ఏజెంటు చేసిన పని ఇదే. ఆ ఏజెంటుకు కమీషను ఉండేది. ఈయనకు కూడా దుకాణానికి ఇచ్చే వాటాలో కొంత ఇవ్వడం న్యాయం. అభిమానంతో చేస్తున్నారని ఊరికే చేయించుకోవడం ఎక్కువ కాలం సాగదు.

రాయపూర్ నుంచి ఒక ఉదాహరణ

పుస్తకం గతి ఎలా మారుతుందో చూపే సంఘటన ఒకటి బిలాస్‌పూర్‌కు నూట పది కిలోమీటర్ల దూరంలోనే, రాయపూర్‌లో జరిగింది. హిందీ నవలాకారుడు వినోద్ కుమార్ శుక్ల 1937లో రాజనాంద్‌గావ్‌లో జన్మించి జీవితంలో అధిక భాగం రాయపూర్‌లో గడిపారు. ‘దీవార్ మే ఏక్ ఖిడ్కీ రహతీ థీ’ అనే ఆయన నవల 1997లో వచ్చింది. దానికి 1999లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. చిన్న ఊరి కళాశాల లెక్కల అధ్యాపకుడు, ఆయన భార్య, వారి అద్దె గది, ఆ గది కిటికీ అవతల ఉన్న మరో లోకం అందులో కథ. పెద్దగా సంఘటనలు లేని నవల అది. దానికి ప్రచారం చేయమంటే ఏ ప్రచార నిపుణుడైనా తల గోక్కుంటాడు.

ఇంతటి పేరున్నా తనకు అందుతున్న రాయల్టీ నామమాత్రమని శుక్ల 2022లో బహిరంగంగా చెప్పారు. నటుడు, రచయిత మానవ్ కౌల్ ఆ సంగతిని సామాజిక మాధ్యమంలో ప్రస్తావించాక హిందీ ప్రపంచంలో పెద్ద చర్చ జరిగింది. తర్వాత హింద్ యుగ్మ్ సంస్థ ఆ నవలను కొత్తగా ప్రచురించింది. 2025 మార్చిలో ఆయనకు జ్ఞానపీఠ పురస్కారం ప్రకటించారు. ఛత్తీస్‌గఢ్ నుంచి ఆ గౌరవం పొందిన తొలి రచయిత ఆయనే. అదే ఏడాది సెప్టెంబరులో రాయపూర్‌లో జరిగిన ఉత్సవంలో, ఆరు నెలల అమ్మకాలకు గాను 30 లక్షల రూపాయల రాయల్టీ చెక్కును ప్రచురణ సంస్థ ఆయన చేతికి అందించింది. డిసెంబరు 23న, 88 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఆ నవలలో ఒక్క వాక్యం కూడా మారలేదు. 1997లో ఉన్నదే 2025లోనూ ఉంది. మారినది చేరవేత. యువ పాఠకులు ఆ పుస్తకాన్ని చేతిలో పట్టుకుని చిన్న చిన్న వీడియోలు చేశారు, తమకు నచ్చిన పేజీని చదివి వినిపించారు. అవార్డు దానికి తోడయింది. ఎనభై ఎనిమిదేళ్ల రచయిత ఊరూరా తిరగలేదు, తిరగనవసరం లేకపోయింది. ఆయన పక్షాన పాఠకులే తిరిగారు. అయితే ఈ ఉదాహరణను చూసి ‘మంచి పుస్తకానికి ప్రచారం అక్కరలేదు’ అని తీర్మానించడం తొందరపాటు. పాతికేళ్లకు పైగా అదే మంచి పుస్తకం అరకొరగా అమ్ముడైందన్న సంగతి మన కళ్లెదుటే ఉంది.

ఇంగ్లీషులో ఇంకో రకం ఉదాహరణ అమీష్ త్రిపాఠిది. 2010లో ‘ది ఇమ్మోర్టల్స్ ఆఫ్ మెలూహా’ వచ్చినప్పుడు మొదటి అధ్యాయాన్ని విడిగా చిన్న పుస్తకంగా వేసి దుకాణాలలో ఉచితంగా పంచారు. బ్యాంకింగ్, బీమా రంగాలలో పనిచేసిన మనిషి వేసిన లెక్క అది. పుస్తకం మొత్తం ఉచితంగా ఇచ్చే మన సభల అలవాటు కంటే, ఒక్క అధ్యాయం ఉచితంగా ఇచ్చి మిగిలినది కొనిపించడం ఎంతో తెలివైన పని.

లిపి తెలియని తెలుగువారు

బిలాస్‌పూర్ విషయంలో ఇంతకంటే లోతైన సమస్య ఒకటుంది. రైల్వే కొలువుకు వచ్చిన తొలి తరానికి తెలుగు చదవడం వచ్చు. మూడవ తరం ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుతుంది. అమ్మమ్మతో మాట్లాడేది శ్రీకాకుళం యాస, సెల్‌ఫోనులో రాసేది దేవనాగరి లేదా ఇంగ్లీషు అక్షరాలు. ఇలాంటి యువతీ యువకులకు తెలుగు నవల పొట్లం కట్టి పంపితే అది గోడ మీది దేవుడి పటంలా గౌరవంగా ఉంటుంది గాని తెరుచుకోదు. నవలాకారుని ప్రచారం ఇక్కడ అమ్మకపు సమస్యగా కాక భాష సమస్యగా మారుతుంది. ఆ ఇళ్లలో తెలుగు చదవగలిగిన చివరి వ్యక్తి కళ్లద్దాలు పక్కన పెట్టేసిన రోజున, అక్కడ తెలుగు నవలకు పాఠకులు ఉండరు. శ్రోతలు మాత్రం ఇంకా ఉంటారు.

చెవి ద్వారా సాహిత్యం చేరడం తెలుగువారికి కొత్త కాదు. పోతన భాగవతం పద్యాలు నోటికి వచ్చినవారందరూ అక్షరాస్యులు కారు. హరికథ, బుర్రకథ, పురాణ కాలక్షేపం అక్షరం రానివారికి గ్రంథాలయాలు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో రంగస్థలమెక్కింది, పుస్తకంగా వచ్చింది 1897లో. ప్రేక్షకులు ముందు, పాఠకులు తర్వాత. ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ 1853 నుంచి తన రచనలను తానే సభలలో చదివి వినిపించాడు. మొదట ధర్మకార్యాల కోసం, 1858 నుంచి టికెట్టు పెట్టి. 1867–68లో అమెరికాలో పర్యటించి చదివాడు. జనం వరుసలలో నిలబడి టికెట్లు కొన్నారు. అంత పేరున్న నవలాకారుడు కూడా తన పుస్తకాన్ని తన గొంతుతో మోశాడు.

నేడు ఆ గొంతుకు వేరే వాహనాలున్నాయి. దాసుభాషితం వంటి తెలుగు శ్రవణ పుస్తక వేదికలు, హర్షణీయం వంటి సాహిత్య పాడ్‌కాస్ట్‌లు దూరంతో పనిలేకుండా పనిచేస్తున్నాయి. నవల అచ్చుకు ఇచ్చేటప్పుడే శ్రవణ హక్కులు, అనువాద హక్కులు ఎవరివో ఒప్పందంలో స్పష్టంగా రాసుకోవాలి. చాలా మంది రచయితలు ఒప్పందమే రాసుకోరు, రాసుకున్నా ఈ మాట ఉండదు. తీరా ఎవరైనా నవలను చదివి వినిపిస్తామని అడిగినప్పుడు ప్రచురణకర్త, రచయిత ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వస్తుంది.

బిలాస్‌పూర్ ఆకాశవాణి కేంద్రం హిందీ, ఛత్తీస్‌గఢీ కార్యక్రమాలకు నిలయం. అక్కడి తెలుగువారు తెలుగు ప్రసారాలను సెల్‌ఫోనులో, న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ద్వారా విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదు కేంద్రాల నుంచి వినవచ్చు. ఒకప్పుడు రాత్రివేళ మీడియం వేవ్‌లో గరగరల మధ్య పట్టుకున్న గొంతు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది.

మరొక దారి అనువాదం. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను పి.వి. నరసింహారావు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. ఆ అనువాదకుడు తర్వాత దేశ ప్రధాని అయ్యారు గనుక ఆ పుస్తకానికి ఇంకో రకమైన గుర్తింపు కూడా వచ్చింది. బిలాస్‌పూర్‌లో తెలుగు ఇంటిలో పుట్టి హిందీ చదివే పాఠకునికి తాతముత్తాతల భాషలోని నవల చేరడానికి అది చక్కని మెట్టు. నేషనల్ బుక్ ట్రస్ట్, సాహిత్య అకాడమీ భారతీయ భాషల మధ్య అనువాదాలు వేస్తూనే ఉన్నాయి. కాని కొత్త నవల అనువాదమై రావడానికి ఏళ్లు పడుతుంది. అందాకా నవలాకారుడు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. మొదటి అధ్యాయాన్ని, తెలుగు మాటలనే ఉంచి, దేవనాగరి లిపిలో అచ్చు వేయించి పంచడం. ఇరవై పేజీలకు మించదు. మనవరాలు లిపి చూసి చదువుతుంది, అమ్మమ్మ విని అర్థం చెబుతుంది. మిగతా పుస్తకం తెలుగు లిపిలో అమ్మమ్మ చేతిలో ఉంటుంది.

ఇక నవలాకారుడే బిలాస్‌పూర్ వెళ్లదలిస్తే అక్కడి జీవితాన్ని బట్టి రోజును ఎంచుకోవాలి. రైల్వేలో పనిచేసేవారిలో చాలా మందికి షిఫ్టు డ్యూటీలు. లోకో పైలట్‌కు ఆదివారం సెలవని నియమం లేదు. అయినా పిల్లలకు బడి లేని ఆదివారం సాయంత్రమే మేలు. రెండు గంటల సభలో వక్తలు ఒకరిద్దరికి మించకుండా, చదివి వినిపించడానికి అరగంట, ప్రశ్నలకు అరగంట కేటాయిస్తే సరిపోతుంది. చదివే ఘట్టం ఉత్తరాంధ్ర యాసలో ఉంటే ఇంకా మంచిది. హాలులో సగం మంది తమ ఇంటి మాట విన్నట్టు తలెత్తి చూస్తారు. రచయితే అంతా చదవనక్కరలేదు, ఒక పేజీ కాలనీలో ఎవరైనా పెద్దావిడ చేత చదివించవచ్చు. సభ మొదలయ్యే ముందే అమ్మకపు బల్ల తలుపు దగ్గర వేసి, చిల్లర సిద్ధంగా ఉంచుకుని, ఫోనులో డబ్బు చెల్లించే క్యూఆర్ కోడ్ అట్ట కూడా నిలబెట్టాలి. తేదీ విషయంలో రైల్వే కాలనీల వ్యాపారులను అడిగితే చెబుతారు. జీతాలు నెలాఖరుకు పడతాయి గనుక మొదటి ఆదివారం అయితే పుస్తకాలు కొంటారు, మూడవ ఆదివారం అయితే ‘వచ్చే నెల చూద్దాం’ అంటారు.